ఇంటిల్లిపాది చిత్రము, ఇంటి భాష

బాలసాహిత్యమును గూర్చిన చర్చ మన పత్రికలలో అడపాదడపా సాగుచునే యున్నది. బాలల కొరకు వెలువడిన గేయసంపుటములను, కథాసంపుటములను సమీక్షించుచున్నాము. కేంద్ర సాహిత్య అకాడమీ 2010వ సంవత్సరము నుండి బాలసాహిత్యమునకు ప్రత్యేక పురస్కారము నొసగుచున్నది. ఇది సంతోషింపదగిన విషయమే. కాని మన పిల్లలు కథను ఎక్కడ వినుచున్నారు, ఎవరి నోట వినుచున్నారు అని ప్రశ్నించుకొన్నచో, వారిలో ఎక్కువమంది వినుచున్నది ఆ సంపుటములలో కాదని ఒప్పుకొనక తప్పదు. వారికి కథ కేబులు తీగె మీద వచ్చుచున్నది. బాలల ఛానెళ్ళలో సెలవుదినములందును పండుగలందును ప్రసారమగు టెలిఫిల్ములను దృష్టిలో నుంచుకొని ఈ మాట చెప్పుచున్నాను. ఇవి సినిమాహాలు కొరకు గాక ఛానెలు కొరకే నిర్మింపబడిన చిత్రములు. నిడివి గంట, గంటన్నర. ఇంటిల్లిపాది కలసి చూడదగినవని వీటికి ప్రకటన. ఇన్ని ఇండ్లలో ఇన్ని మారులు వినబడుచున్న ఈ కథలను కథలుగా ఎంచి, వీటి మాటను మాటగా ఎంచి విచారించిన విమర్శకులు మనలో అరుదు. బొమ్మలాటలే కదా యని తోసివేయుచున్నాము. ఆ తోసివేతలో మనము పోగొట్టుకొనుచున్న దేమో చూపుట ఈ వ్యాసమున నా ప్రయత్నము.

ఈ ప్రక్రియ పుట్టుక మనది కాదు. అమెరికాలో డిస్నీ సంస్థ 1983లో తన ఛానెలును ప్రారంభించి, తొలినాళ్ళ నుండియు దాని కొరకే కొన్ని చిత్రములను నిర్మించుచు వచ్చినది. 1997 తరువాత అవి ఒక వరుసగా, ఒక ముద్రతో వెలువడసాగినవి. 2006 జనవరిలో ప్రసారమైన 'హైస్కూల్ మ్యూజికల్' వాటిలో జగత్ప్రసిద్ధమైనది. మన దేశమున పోగో ఛానెలు 2004 జనవరిలోను, డిస్నీ ఛానెలు అదే సంవత్సరము డిసెంబరులోను మొదలైనవి. డిస్నీ ఛానెలు ఆరంభము నుండియు హిందీతో పాటు తెలుగు, తమిళములలో మాట వినిపించినది. 2008లో హైదరాబాదు నందలి గ్రీన్ గోల్డ్ యానిమేషన్ సంస్థ, రాజీవ్ చిలక సారథ్యమున, పోగో కొరకు 'ఛోటా భీమ్' ధారావాహికను సృష్టించినది. ఆ బాలభీముడు ధారావాహికతో ఆగక టెలిఫిల్ములలోనికి నడచినాడు, కృష్ణునితో చెలిమి చేసినాడు, 2012లో దమ్యాన్ శాపపు కథతో సినిమాహాళ్ళలోనికి గూడ ప్రవేశించినాడు. తెలుగు బాలల కొరకే యని 2009లో సన్ వర్గమువారు ఖుషీ టీవీని, బహుభాషలలో 2021లో రామోజీ వర్గమువారు ఈటీవీ బాలభారత్‌ను నెలకొల్పినారు. చరిత్ర ఇంత చాలును.

ఇంటిల్లిపాది చిత్రమనగా నేమి? పిల్లలకు బొమ్మలు, పెద్దలకు నీతి, మధ్యలో ఒక పాట అని చాలమంది నిర్మాతల భావము. ఈ ప్రశ్నకు అంతకంటె మేలైన సమాధానము డిస్నీ వారి 1998 నాటి 'హాలోవీన్‌టౌన్' అను టెలిఫిల్ములో నాకు దొరకినది. అది మహాకావ్యము కాదు. అందలి మాయలు చవుకబారువి, రాక్షసులు అట్టముఖముల వారు. అయినను దాని కథలో ఒక ఎముక యున్నది. మార్నీ అను పదమూడేండ్ల బాలిక. ఆమె అమ్మమ్మకు మంత్రవిద్య తెలియును. ఆ విద్య వంశమున వచ్చునది. మార్నీ తల్లి దానిని కావలెనని విడిచి, మామూలు మనుష్యుల నడుమ మామూలుగా బ్రతుకుచున్నది. తన పిల్లలకు గూడ అది సోకరాదని ఆమె కోరిక. పదమూడవ యేట నేర్వ మొదలుపెట్టకపోయినచో ఆ విద్య బాలికకు శాశ్వతముగా పోవును. అమ్మమ్మ ఇయ్యవలెనని వచ్చును, తల్లి వలదని అడ్డుపడును, మనుమరాలు నడుమ నిలుచును. మూడు తరములలో ఎవరు లేకపోయినను ఈ కథ నడువదు. ఎవరి పక్షమునను పూర్తి తప్పు లేదు. చూచు ఇంటిలో గూడ ముగ్గురును ముగ్గురి పక్షములు వహింపగలరు. తెరమీద మూడు తరములకు పని యుండి, తెర ముందు మూడు తరములకు కథ అందునదే ఇంటిల్లిపాది చిత్రమని నేను లక్షణము చెప్పుదును. ఇందు రెండవ భాగము భాషకు సంబంధించినది. అమెరికాలోని అమ్మమ్మకును మనుమరాలికిని ఆ చిక్కు చాలవరకు లేదు. మనకు, అందులోను ఇల్లు విడిచి దూరము పోయిన తెలుగువారికి, ఉన్నది.

ఆ చిక్కు నాకు ప్రత్యక్షముగా కనబడినది సూరతు నగరమున, లింబాయత్‌లో. సూరతుకు ఆగ్నేయముగా నున్న ఈ పేటలోను దాని పరిసరములందును తెలంగాణము నుండి పోయిన పద్మశాలీల కుటుంబములు పెక్కు గలవు. కరీంనగరము, వరంగల్లు, నల్లగొండ ప్రాంతములలో చేమగ్గము చితికిన పిదప నేతగాండ్రు భివండికి, షోలాపురమునకు, సూరతుకు తరలిపోయిన సంగతి తెలిసినదే. సిరిసిల్లలో మరమగ్గమును 'సాంచ' యందురు; సూరతులోను అది సాంచయే. ఊరు మారినను ఆ మాట మారలేదు. తక్కిన మాటలు మారినవి. వీధిలో ఖాందేశము నుండి వచ్చిన వారి మరాఠీ, ఉత్తరాది కూలీల హిందీ, ఉర్దూ, ఊరి గుజరాతీ. సూరతు నగరపాలక సంస్థ ఏడు భాషలలో ప్రాథమిక పాఠశాలలు నడుపుచున్నది, అందు తెలుగు ఒకటి. గుజరాతు నగరమొకటి తన ఖర్చుతో తెలుగు బడి నడుపుట మనము కృతజ్ఞతతో తలచుకొనవలసిన విషయము. అయితే హిందీ బడికో ఇంగ్లీషు బడికో పిల్లలను పంపు తల్లిదండ్రులను తప్పుపట్టుటయు కష్టమే. ఆ పిల్లల బ్రతుకుతెరువు ఆ ఊరిలో నున్నది.

గత వేసవిలో ఒక మిత్రుని బంధువుల యింట ఒక సాయంకాలము గడపితిని. ఇంటి యజమాని రాత్రి పాళికి సాంచల కార్ఖానాకు పోయియున్నాడు. పన్నెండు గంటల పని. ఇల్లాలు చీరలకు తళుకురాళ్ళు అతికించుచున్నది. చీరకింత యని కూలి. ఆ చీరల కుప్ప ప్రక్కన నాయనమ్మ, పదేండ్ల మనుమడు, ఆరేండ్ల మనుమరాలు టెలివిజను ముందు కూర్చుండిరి. బాలల ఛానెలులో ఒక టెలిఫిల్ము వచ్చుచున్నది. దాని పేరు చెప్పను. చెప్పబోవు లోపములు ఆ యొక్క చిత్రమునకు చెందినవి కావు. ఒక బలశాలియైన బాలుడు, వాని నేస్తములు, ఒక రాజు, ఒక రాక్షసుడు. మాట హిందీ. పిల్లలు కదలక చూచుచున్నారు. నాయనమ్మ తెరను గాక పిల్లల ముఖములను చూచుచు, వారు నవ్వినప్పుడు నవ్వుచున్నది.

2013లో కేబులు ప్రసారములను డిజిటల్ పద్ధతికి మార్చిన ముప్పది యెనిమిది నగరములలో సూరతు ఒకటి. నాటి నుండి పెట్టె వచ్చినది, పెట్టెతో పాటు రిమోటు మీద భాష మార్చు మీట వచ్చినది. ఆ మీట నొక్కి చూడుమని కుర్రవానిని అడిగితిని. వాడు నొక్కినాడు. తెలుగు వచ్చినది! నాకు కలిగిన సంతోషము రెండు నిమిషములు నిలిచినది.

"గిది తెలుగేనారా?" అని నాయనమ్మ అడిగినది.

"తెలుగే నాయినమ్మ."

"మరి నాకెందుకు సమజైతలేదు?"

కుర్రవాని కష్టము వేరు. "గిది వాని ఆవాజ్ కాదు" అని వాడు మీట నొక్కి హిందీకి పోయినాడు. వానికి ఆ వీరుని అసలు కంఠము హిందీ కంఠమే, తెలుగు వేషము. ఇద్దరును కాదన్న తెలుగు అది. ముసలామెకు అర్థము కానిది, పసివానికి నచ్చనిది, మరి ఎవరి కొరకు తయారైనది? ప్రకటనల విరామము వచ్చినప్పుడు వాడు నాయనమ్మ వైపు తిరిగి కథ చెప్పినాడు. "గా రాక్షసుడు లేడా నాయినమ్మ, వాడు రాజు బిడ్డను ఎత్కపోయిండు. ఇగ మన పోరనికి తాకత్ వచ్చింది, ఒక్కటే గుద్దు!" ఆమె నవ్వి, "గట్లనా! మరి గా పోరని అవ్వ యాడ వోయింది?" అని అడిగినది. అవ్వ యనగా అక్కడ తల్లి. "అవ్వ గివ్వ ఎవ్వలు లేరు" అని వాడు తేల్చినాడు.

ఆమె అడిగిన రెండు ప్రశ్నలు రెండు విమర్శసూత్రములని నాకు తోచినది. ఈ భాష నాకెందుకు తెలియుట లేదు? ఈ పిల్లవాని తల్లి ఎక్కడ?

మొదటి దానిని విచారింతము. ఆమెకు తెలియనివి కఠినపదములు మాత్రమే కావు. 'బచావో' అని హిందీలో పల్లెవారు అరచినచోట తెలుగులో 'రక్షించండి' అని వినబడినది. ఏ పల్లెలోను ఇల్లంటుకొన్నప్పుడు ఎవరును 'రక్షించండి' యని అరవరు. 'ధైర్యసాహసాలు', 'ప్రమాదకరమైన మార్గం' వంటి మాటలు పదేండ్ల పిల్లల నోట దొర్లినవి. రాజు, గొల్లవాడు, కోతి, రాక్షసుడు అందరును ఒకే తెలుగు మాటలాడినారు. అదియు వార్తలు చదువు తెలుగు. అనువాదకుడు హిందీ వాక్యమును ముందు పెట్టుకొని మాటకు మాట వేసినాడే కాని, ఇట్టి సన్నివేశమున తెలుగువాడేమనును అని ఆలోచించినట్లు లేదు. అతనికి ఆలోచించుటకు వ్యవధి యిచ్చినారో లేదో అది వేరు సంగతి.

డబ్బింగు పని కష్టమైనదే. నోటి కదలికకు మాట సరిపోవలెను. హిందీ మాటలు ఎక్కువగా హల్లుతో ముగియును, తెలుగు మాటలు అచ్చుతో ముగియును. బొమ్మ నోరు మూసికొన్న తరువాత మన అచ్చు ఇంకను మ్రోగుచుండును. మన మాట పొడవు. అయితే మనకు అనుకూలములును గలవు. రెండు భాషలలోను క్రియ వాక్యము చివరనే యుండును గనుక ఇంగ్లీషు నుండి తెచ్చునప్పుడు కలుగు తలక్రిందుల పాట్లు లేవు. 'నేను', 'నీవు' అనునవి మన క్రియలోనే యున్నవి గనుక విడువవచ్చును. మూడు మాత్రలు మిగులును. పైగా గీసిన బొమ్మ పెదవులు నటుని పెదవులవలె సూక్ష్మముగా కదలవు. కనుక బొమ్మల చిత్రమున అనువాదకునకు స్వేచ్ఛ ఎక్కువ. ఆ స్వేచ్ఛను వాడుకొనకపోవుట అశ్రద్ధయే కాని అసాధ్యత కాదు.

నేను ఎల్లప్పుడు ఉదాహరించునది 'మౌసి' యను మాట. ఛోటా భీమ్‌లో లడ్డూలు చేయు టున్‌టున్ మౌసి పిల్లలందరికిని తెలిసిన పాత్ర. చుట్కీ యను బాలికకు ఆమె తల్లి. హిందీలో మౌసి యనగా తల్లి సోదరి. ఇరుగుపొరుగు స్త్రీని గూడ అట్లే పిలుతురు. తెలుగున ఏమనవలెను? తల్లికి చెల్లెలయినచో పిన్ని, తెలంగాణమున చిన్నమ్మ; అక్కయైనచో పెద్దమ్మ. ఆమె వయస్సు తేల్చనిదే పిలుపు తేలదు. పొరుగింటామెను అత్త యనుటయు మనకు పరిపాటియే. కాని ఆమెను భీముడు అత్త యన్న మరుక్షణమున చుట్కీ వానికి మరదలగును! తెలుగు పిల్లలు ముసిముసి నవ్వులు నవ్వుదురు, హిందీ పిల్లలకు ఆ నవ్వు లేదు. చిన్నమ్మ యన్నచో చుట్కీ చెల్లెలగును, మరియొక కథ యగును. ఆంటీ యన్నచో ఏ చిక్కును లేదు, ఏ చుట్టరికమును లేదు. ఈ ఒక్క మాట మీద ఒక గంట కూర్చుండి వాదించుకొను అనువాదకులుండినచో తెలుగు టెలిఫిల్ము బాగుపడినట్లే. అట్టి ఆలోచనకు ఫలము లేకపోలేదు. డోరా యను అమెరికా బాలిక వెంట తిరుగు బూట్స్ అను కోతిపిల్లకు తెలుగులో 'బుజ్జి' యని పేరు పెట్టినారు. ఎవరు పెట్టినారో కాని ఆ ఒక్క పేరుతో ఆ కోతి మన యింటిలోని దైనది.

ఈ పని మనకు తగదని భావించు రచయితలకు ఒక జ్ఞాపకము. తెలుగులో తొలి డబ్బింగు చిత్రమైన 'ఆహుతి'కి 1950లో మాటలు, పాటలు వ్రాసినవాడు శ్రీశ్రీ. ఆ తరువాత ఆరుద్ర, అనిసెట్టి, రాజశ్రీ వంటి కవులు ఆ దారిని నడచినారు. పొట్టకూటికి వ్రాసినారు అనవచ్చును, నిజమే కావచ్చును. అయినను పరభాషానటుని పెదవులకు తెలుగు మాట తొడుగుట ఛందస్సు తెలిసినవాని పనియని వారు నిరూపించినారు. పెద్దల చిత్రములకు కవులు వ్రాసిన ఆ పనిని పిల్లల చిత్రములకు వచ్చునప్పటికి ఎవరికో వదలివేసినాము. వారి పేర్లు గూడ తెరమీద నిలువవు.

ఇక రెండవ ప్రశ్న, 'పోరని అవ్వ యాడ వోయింది?' అనునది, మరింత లోతైనది. ఇంటిల్లిపాది చిత్రమను పేరున వచ్చు మన బాలల టెలిఫిల్ములలో ఇల్లు మిక్కిలి అరుదు. ధోలక్‌పురమున భీమునికి నేస్తములు గలరు, ఈర్ష్యపడు కాలియా గలడు, రాజు ఇంద్రవర్మ గలడు, ఆపద వచ్చినప్పుడు తినుటకు లడ్డూలు గలవు. కథ నడచుటకు ఇంటితో గాని తల్లిదండ్రులతో గాని పని తక్కువ. దీనికి కారణము ఊహింపవచ్చును. ధారావాహిక నుండి పుట్టిన చిత్రము ఎవరిని మార్చరాదు, ఎవరిని చంపరాదు, ఎవరిని పెంచరాదు. సోమవారము నాటి భాగమునకు అందరును యథాస్థానమున నుండవలెను. ఇల్లన్నది మారునది, పోగొట్టుకొనునది. కనుక ఇంటిని తొలగించి ఊరిని, ఊరిని తొలగించి రాక్షసుని మిగుల్చుకొన్నారు. బాలుడు ఆరంభమున ఎంత బలవంతుడో అంతమున అంతే బలవంతుడు. వానికి భయము లేదు గనుక మనకును లేదు.

ఈ భీముని పేరే పెట్టుకొన్న భారతవీరుని కథలో ఏకచక్రపుర ఘట్టమును తలచుకొందము. లడ్డూల భీమునికి మూలము అచ్చటనే యున్నదని నా యనుమానము. బండెడు అన్నమును రాక్షసుని ముందే కూర్చుండి తినిన ఆకలి అది. కాని ఆ బండి కదలుటకు ముందు ఏమి జరిగినది? పాండవులు మారువేషమున తలదాచుకొన్న బ్రాహ్మణగృహమున ఆ దినము వంతు వచ్చినది. తండ్రి నేను పోదు ననును. తల్లి, నీవు లేక ఈ పిల్లలను నేనేమి సాకగలను, నేనే పోదు ననును. కూతురు, ఎట్లును ఒకరికి ఇయ్యదగినదానను, నన్నే ఇయ్యుడనును. అందరును ఏడ్చుచుండగా పసివాడు ఒక గడ్డిపుల్ల పట్టుకొని వచ్చి, దీనితో ఆ రాక్షసుని చంపెద ననును. ఆ దుఃఖమున గూడ వారి ముఖములు వికసించినవట. గోడ కావల కుంతి వినును. తన కొడుకును పంపుదునని ఆమె చెప్పును. ధర్మరాజు తల్లితో వాదించును. ఇన్ని మాటలైన తరువాత గాని భీముడు బండి యెక్కడు. భీముడు గెలుచునని పిల్లలకు తెలియును. అయినను ఈ కథలో భయమున్నది, ఎందుకనగా ఆ ఇంటివారికి తెలియదు. రెండు ఇండ్లు, ఇద్దరు తల్లులు, ఒక పుల్ల. ఇంటిల్లిపాది చిత్రమునకు ఇంతకంటె ఏమి కావలెను? మన టెలిఫిల్ము బండిని, అన్నమును, గుద్దును తీసికొని, పుల్లను పారవేసినది.

పద్మశాలీల యింట కూర్చుండి ఈ మాట తలచుచుండగా మరియొకటి జ్ఞప్తికి వచ్చినది. టెలివిజను రాకముందు తెలంగాణమున ఒక్కొక్క కులమునకు ఒక్కొక్క బొమ్మల కథ యుండెడిది. చేర్యాల నకాశీలు చింతగింజల అంబలి, సుద్ద పూసిన బట్ట మీద గడులు గడులుగా కథను గీసి యిత్తురు. ఆ పటమును విప్పుచు కథకులు రాత్రులు పాడుదురు. పద్మశాలీలకు చెప్పువారు కూనపులివారు. వారి కథ మార్కండేయునిది, ఆయన వంశమువాడని పద్మశాలీలు చెప్పుకొను భావనా ఋషిది. అందలి మార్కండేయుడును బాలుడే. పదునారేండ్లకు ఆయువు తీరునని తెలిసిన బాలుడు. వాని బలము గుద్దులో లేదు. వానికి తల్లిదండ్రులు గలరు. అల్పాయుష్కుడైనను గుణవంతుడే కావలెనని కోరుకొన్నవారు వారే. పదునారవ యేట యముడు వచ్చినప్పుడు ఆ యింట ఎవరి గుండె ఎట్లు కొట్టుకొన్నదో పటము ముందు కూర్చుండిన ప్రతి తల్లికిని తెలియును.

నాయనమ్మను అడిగితిని, పటము చూచినావా యని. చిన్నప్పుడు వాడకట్టులో చూచినదట. యముని బొమ్మ రాబోవునప్పుడు కథకుడు బట్టను చుట్టి పట్టుకొని ఆగెడివాడట. బియ్యము, పైసలు పడిన తరువాత గాని విప్పెడివాడు కాదట. కుర్రవాడు తెర మీదినుండి కండ్లు మరల్చి, "పాజ్ చేసిండా?" అని అడిగినాడు. ఆ సాయంకాలము వాడు నాయనమ్మను అడిగిన మొదటి ప్రశ్న అది. అంతకుముందు అడుగుటయంతయు ఆమె వంతే.

పటమును గొప్పచేసి టెలివిజనును తక్కువచేయుట నా యుద్దేశము కాదు. కూనపులివారి కథలోను చాల పిండి యున్నది, సాగదీతలున్నవి. నేను చూపదలచిన దొక్కటే. ఆ కథకుడు ఎదుట కూర్చున్నవారి పలుకుబడిలో, ఎదుట కూర్చున్నవారి పూర్వుల కథ చెప్పెను. ముసలివారికి తెలిసి, పిల్లలకు తెలియనిది అందు కొంత యుండెను గనుక, ఆట ముగిసిన తరువాత ఇంటిలో మాట మిగిలెను. హాలోవీన్‌టౌన్ అమ్మమ్మ వద్ద నున్నదియు అదే. లింబాయత్‌లోని నాయనమ్మ వద్ద గూడ ఇయ్యదగినది యున్నది. ఆమె చేతికి ఆ టెలిఫిల్ము ఏమియు అందియ్యలేదు.

వాదమున కింకొక వైపు గలదు. ఇవి వర్తకపు సరకులు, వీనియందు సాహిత్యము వెదకుట ఏమి, అనువారు గలరు. చందమామ వర్తకపు సరకు కాదా? 1947 జూలైలో నాగిరెడ్డి, చక్రపాణి గారలు దానిని ప్రారంభించినది నష్టపడుటకు కాదు. కొడవటిగంటి కుటుంబరావు గారు సుమారు మూడు దశాబ్దములు దానిలో కూర్చుండి, తన పేరు కనబడకుండ, పిల్లలకు తెలుగు వాక్యమును చెక్కి యిచ్చినారు. అక్కడ కథ తెలుగున వ్రాయబడి ఇతర భాషలకు నడచినది. నేడు హైదరాబాదులో గీసిన బాలభీముడు హిందీలో మాటలాడి, ఆ తరువాత అనువాదమై తెలుగునకు వచ్చుచున్నాడు. బొమ్మ మన ఊరిది, మాట పొరుగూరిది. దీనికి నిర్మాతలను నిందించి లాభము లేదు. హిందీ విపణి పెద్దది, వారి లెక్కలు వారికి గలవు. 2019లో అదే సంస్థ నెట్‌ఫ్లిక్స్ కొరకు 'మైటీ లిటిల్ భీమ్' అను పసిబిడ్డ భీముని కథలు నిర్మించినది. అందు సంభాషణలే లేవు. ఏ దేశపు బిడ్డయైనను చూడవచ్చును, లింబాయత్ నాయనమ్మయు చూడవచ్చును. అర్థము కాలేదని ఆమె అనదు. చక్కని పనితనమే. రచయితగా మాత్రము నాకు ఆ నిశ్శబ్దము ఒక తీర్పువలె వినబడినది. మాటతో వచ్చు తగవు మాటను తీసివేయుటతో తీరినది!

పిల్లలు టెలివిజనును గూడ విడిచి చేతిఫోనుకు పోవుచున్నారు, ఇప్పుడీ చర్చ ఏల యని మరికొందరందురు. ఫోనులో చూచునదియు చాలవరకు ఈ చిత్రములే, ఈ మాటలే. ఒక భేదము మాత్రము గలదు. టెలివిజను ముందు నాయనమ్మ ప్రక్కన కూర్చుండు చోటైనను ఉండెను.

కనుక తెలుగు రచయితలు చేయదగిన పని చాల గలదు. మన పత్రికలు నవలానువాదమును సమీక్షించినట్లే టెలిఫిల్ము అనువాదమును మూలముతో పోల్చి సమీక్షింపవలెను. అనువాదకుని పేరు అడిగి తెలిసికొని ప్రకటింపవలెను. పురస్కారములిచ్చు సంస్థలు అచ్చుపుస్తకముతో పాటు బాలల చిత్రమునకు వ్రాసిన తెలుగు వ్రాతప్రతిని గూడ పరిశీలనకు తీసికొనవచ్చును. భాష ఏ ప్రాంతముది యుండవలెనను తగవు తప్పక వచ్చును. కథ చెప్పు కంఠము చందమామ తెలుగువలె అందరికి తెలిసిన తెలుగులో నుండి, పాత్రలు తమ తమ ఊళ్ళ మాటలాడుట మేలని నా యభిప్రాయము. కోతి కరీంనగరము మాట, రాజు గోదావరి మాట పలికినచో ప్రళయము రాదు. లింబాయత్ వంటి పేటలలో అన్ని జిల్లాల తెలుగునకు హిందీ, గుజరాతీ కలసిన ఒక కొత్త తెలుగు పుట్టుచున్నది; ఆ కుర్రవాడు విరామమున చెప్పిన కథ అందులోనిదే. దానికి గూడ ఒక పాత్ర నియ్యవచ్చును.

ఏకచక్రపుర ఘట్టమును గంట నిడివి టెలిఫిల్ముగా వ్రాయుటకు ఎవరైన పూనుకొన్నచో ఈ చిక్కులన్నియు మొదటి పుటలోనే ఎదురగును. తండ్రి భార్య నేమని పిలుచును, కూతురు తల్లి నేమని పిలుచును, అమ్మా యనునా, అవ్వా యనునా? పుల్ల పట్టిన పసివాని మాట మాత్రము తేలిక. వ్యాసుడు వానికి స్పష్టత లేని ముద్దుమాట లిచ్చినాడు. వాని పలుకు ఏ జిల్లాదని నాయనమ్మయు అడుగదు, మనుమడును అడుగడు. వ్రాయువారు అక్కడినుండి మొదలుపెట్టవచ్చును.